శ్రీ మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు: యుద్ధకాలమున మన దివాను

విద్యార్థులారా, మన టేకల్ స్టేషనులో కొంతసేపు నిలిచి చూడుడు. బెంగుళూరునుండి జోలారుపేట వైపునకును, అటనుండి ఇటువైపునకును బండ్లు పోవుచు వచ్చుచు నుండును. మన పెద్దల కాలమున కిరసనాయిలు, ఉప్పు, బట్ట, మందులు మొదలగు వస్తువు లెన్నియో ఈ దారినే మన సీమకు చేరెడివి. సముద్రము మనకు చాల దూరము. అయినను సముద్రముపై ఓడ యాగినచో మన యూరి యంగడిలో ధర పెరుగును. ఈ చిన్న మాటలోని పెద్ద సత్యమును 1914లో మొదలైన ప్రథమ ప్రపంచ యుద్ధము మైసూరు సంస్థానమునకు బోధించెను. అప్పుడు సంస్థానమునకు దివానుగా నుండిన వారు శ్రీ మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు.

ఆనకట్టలు కట్టిన ఇంజనీరుగా వారిని ఎఱుగనివారు లేరు. మేము ఈ వ్యాసమున వారి జీవితములోని మఱియొక భాగమును ముఖ్యముగా చెప్పదలచితిమి. యుద్ధము వచ్చినపుడు ప్రభుత్వము తన శాఖలను, పండితులను, వర్తకులను, రైతులను ఒక్క త్రాట నెట్లు కూర్చవలెను? అట్లు కూర్చుటకు ఎట్టి సంఘములు, ఎట్టి కార్యాలయములు కావలెను? అవి ఎంతవరకు పనిచేసెను, ఎచట తప్పెను? ఈ ప్రశ్నలకు వారి జీవితమున కొంత సమాధానము దొరకును.

విశ్వేశ్వరయ్యగారు నందికొండ చెంతనున్న ముద్దేనహళ్లి గ్రామమున సెప్టెంబరు 15వ తేదీన జన్మించిరి. ఆ గ్రామము అప్పుడు మన కోలారు జిల్లాలోనిది. 2007లో జిల్లా రెండుగా విభజింపబడినపుడు చిక్కబళ్ళాపురము జిల్లాలో చేరినది. వారి పూర్వులు ఆంధ్రదేశమున గిద్దలూరు ప్రాంతమందలి మోక్షగుండమునుండి వచ్చినవారు. ఇంటి పేరు అందువలన కలిగినదే. తండ్రి శ్రీనివాసశాస్త్రిగారు సంస్కృత పండితులు. తల్లి వెంకటలక్ష్మమ్మగారు. ఇంట మాటాడు భాష తెలుగు. వీధిలోను బడిలోను కన్నడము. నేడు మన పాఠశాలలో చదువు బాలబాలికలకు ఈ స్థితి క్రొత్త కాదు గదా!

తండ్రి బాల్యముననే గతించుటచే వారి చదువు కష్టముతో సాగెను. చిక్కబళ్ళాపురమున ప్రాథమిక విద్య ముగించి, బెంగుళూరు చేరి, పిల్లలకు పాఠములు చెప్పుచు, ఆ సంపాదనతో తాము చదువుకొనిరి. సెంట్రల్ కాలేజీలో బి. ఏ. పట్టమును 1881లో పొందిరి. పిమ్మట మైసూరు ప్రభుత్వపు విద్యార్థి వేతనముతో పూనా నగరమున ఇంజనీరింగు చదివి, 1883లో ప్రథమ శ్రేణిలో, ప్రథమ స్థానమున నెగ్గిరి. మఱుసటి సంవత్సరమే బొంబాయి ప్రభుత్వమున అసిస్టెంటు ఇంజనీరు అయిరి. సింధు దేశమందలి సుక్కూరునకు త్రాగునీరు, పూనా చెంతనున్న ఖడక్‌వాస్లా జలాశయమునకు తమంత తాము తెఱచుకొను తలుపులు, ఏడెను పట్టణమునకు నీటి పథకము మొదలగునవి వారి కీర్తిని పెంచెను. 1908 సెప్టెంబరు 28న మూసీనది పొంగి హైదరాబాదు నగరమును ముంచివేసినపుడు నైజాము ప్రభుత్వము వారినే పిలిపించెను. వరదను నగరమునకు పైననే ఆపు రెండు జలాశయముల ఆలోచన వారిదే. ఉస్మాన్‌సాగరము, హిమాయత్‌సాగరము ఆ ఆలోచనకు ఫలములు.

1909లో వారు మైసూరునకు ప్రధాన ఇంజనీరుగా వచ్చిరి. 1912 నవంబరులో నాల్వడి కృష్ణరాజ ఒడయరు మహారాజుగారు వారిని దివాను పదవిలో నిలిపిరి. దీనికి ముందే, 1911లో, మైసూరు ఆర్థిక సమ్మేళనమను సంస్థ ఏర్పడియుండెను. దాని వెనుక విశ్వేశ్వరయ్యగారి ప్రేరణయే ప్రధానము. దాని పద్ధతిని మన విద్యార్థులు తెలిసికొనదగును. వ్యవసాయమునకు ఒకటి, విద్యకు ఒకటి, పరిశ్రమలకు వాణిజ్యమునకు ఒకటి, ఈ విధముగా మూడు సంఘములు. అధికారులు, వర్తకులు, రైతులు, పండితులు ఒక్క చోట కూర్చుండి, లెక్కలు ముందుంచుకొని, ఏ పని ఎవరు ఎప్పటికి చేయవలెనో నిశ్చయింతురు. ఆ పని జిల్లాలకును తాలూకాలకును వ్యాపింపజేయబడెను. యుద్ధము వచ్చునని ఎవరును తలచని దినములలో ఏర్పడిన ఈ యేర్పాటే యుద్ధము వచ్చినపుడు అక్కఱకు వచ్చెను. ఇల్లు అంటుకొన్నపుడు బావి త్రవ్వుట వ్యర్థమని మన పెద్దలందురు. విశ్వేశ్వరయ్యగారి బావి అప్పటికే త్రవ్వబడియుండెను.

1914 ఆగస్టులో యుద్ధము మొదలయ్యెను. సెప్టెంబరు 22వ తేదీ రాత్రి ఎమ్డెన్ అను జర్మను యుద్ధనౌక చెన్నపట్టణముపై గుండ్లు కురిపించి, రేవు చెంతనున్న నూనె తొట్లను తగులబెట్టెను. భయపడిన జనులు పట్టణము విడిచి లోపలి సీమలకు పరుగులిడిరి. ఈ సీమవారు మొట్టమొదట యుద్ధపు వేడిని తెలిసికొన్నది అప్పుడే. మైసూరు ప్రభుత్వము యుద్ధ వ్యయమునకు 50 లక్షల రూపాయలిచ్చెను. మైసూరు లాన్సర్లు అను అశ్వికదళము ఈజిప్టునకును పాలస్తీనాకును పోయి, 1918 సెప్టెంబరు 23న హైఫా నగరమును పట్టుకొనుటలో పాల్గొనెను. ఇది అందఱు ఎఱిగిన కథ. అంగళ్లలోను కార్యాలయములలోను జరిగిన కథ అంతగా తెలియదు.

మైసూరు అడవులలో శ్రీగంధపు చెట్లు మెండు. ఆనాడు గంధపు చెట్టు ఎవరి పొలమున మొలచినను అది ప్రభుత్వపు సొత్తే. ఏటేట ప్రభుత్వము ఆ కఱ్ఱను వేలము వేయుచుండెను. దానిలో అధిక భాగము జర్మనీకి పోయెడిది. అచటి కర్మాగారములలో కఱ్ఱను పొడిచేసి, ఆవిరి పట్టించి, తైలము తీసి, ప్రపంచమంతటికి అమ్ముకొనెడివారు. చెట్టు మనది, లాభము వారిది. యుద్ధము రాగానే జర్మనీకి దారి మూసికొనెను. కఱ్ఱ గిడ్డంగులలో నిలిచిపోయెను. ఖజానాకు వచ్చు పెద్ద రాబడి ఒక్కసారిగా తగ్గెను.

ఈ సంకటమును ఏ ఒక్క శాఖయు తీర్పజాలదు. అడవి శాఖకు కఱ్ఱ తెలియును, తైలము తీయుట తెలియదు. శాస్త్రజ్ఞులకు తైలము తెలియును, సొమ్ము లేదు. ఖజానాకు సొమ్ము కలదు గాని నష్టము వచ్చునేమో యను భయము. ఈ మువ్వురను కలుపువారు కావలెను. అందులకు తగిన యొక శాఖ అప్పటికే కలదు. అది పరిశ్రమల శాఖ. దాని డైరెక్టరు ఆల్ఫ్రెడ్ చాటర్టన్ అను ఇంగ్లీషువారు. వారు అంతకు ముందు మద్రాసు రాజధానిలో అల్యూమినియము పాత్రల పరిశ్రమకును, క్రోము తోళ్ల పరిశ్రమకును దోహదము చేసిన అనుభవశాలి. బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో సడ్‌బరో, వాట్సన్ అను పండితులు గంధపు కఱ్ఱనుండి తైలము తీయు ప్రయోగములు చేసిరి. ప్రయోగము ఫలించెను. 1916లో బెంగుళూరునను, మఱుసటి యేడు మైసూరునను గంధపు తైలపు కర్మాగారములు వెలసెను. దివానుగారు చేసినదేమి? తైలము వారు తీయలేదు. ఎవరికి వారుగా నున్నవారిని ఒక బల్లచుట్టు కూర్చుండబెట్టి, పని పూర్తియగువఱకు విడువకుండిరి. మా దృష్టిలో ఇది ఆనకట్ట కట్టుటకంటె చిన్న పని కాదు.

తైలము వచ్చిన పిదప దానితో సబ్బు చేయవచ్చునను తలంపు పుట్టెను. సోసలె గరళపురి శాస్త్రిగారు ఇంగ్లండునకు పోయి ఆ విద్య నేర్చి వచ్చిరి. నేటికిని మన యిండ్లలో కనబడు మైసూరు శాండల్ సబ్బునకు మూలము అదియే. పిల్లలారా, స్నానము చేయునపుడు ఆ పరిమళము ఒక యుద్ధపు కష్టమునుండి పుట్టినదని జ్ఞప్తియందుంచుకొనుడు.

ఇంతలో బ్రిటిషు ఇండియా ప్రభుత్వమునకును ఇట్టి అవసరమే కలిగెను. యుద్ధ సామగ్రిని సేనాశాఖ ఒకవైపు, రైల్వేలు ఒకవైపు, ఇతర శాఖలు ఒకవైపు కొనుచుండుటచే, ఒకే వస్తువునకు ఒకే ప్రభుత్వపు శాఖలు పోటీపడి ధర పెంచుచుండెను. ఇంగ్లండునుండి యంత్రములు తెప్పించుటకు ఓడలు చాలవు. ఇంగ్లండులో 1915లోనే ఇట్టి చిక్కులకై మ్యూనిషన్సు మంత్రిశాఖ ఏర్పడెను. ఇండియాలో 1917 తొలినెలలలో ఇండియన్ మ్యూనిషన్స్ బోర్డు ఏర్పడెను. భూగర్భశాస్త్రవేత్త యగు సర్ థామస్ హాలండు దాని అధ్యక్షులు. తోళ్లు, బట్టలు, కలప, ఇనుము మొదలగు వస్తువులను చూచుకొనుటకు వేర్వేరు అధికారులు నియమింపబడిరి. విదేశమునుండి యంత్రము కావలసినవారు అది యుద్ధమునకు అవసరమని నిరూపించి అనుమతి పత్రము పొందవలెను. దేశములో దొరకు వస్తువును దేశములోనే కొనవలెనను నియమము ఆ బోర్డుచే బలపడెను.

హాలండుగారే అంతకు ముందు, 1916లో, ఇండియన్ ఇండస్ట్రియల్ కమిషనునకు అధ్యక్షులైరి. దేశమున పరిశ్రమలేల పెరుగలేదని విచారించుట ఆ కమిషను పని. 1918లో వచ్చిన దాని నివేదిక, ప్రభుత్వము పరిశ్రమలను చేయూతనిచ్చి పెంచవలెనని చెప్పెను. మైసూరులో విశ్వేశ్వరయ్యగారు 1911నుండి చెప్పుచు వచ్చినదియు ఇదియే. కాని భేదమొకటి కలదు. బ్రిటిషు ప్రభుత్వమునకు ఆ మాట యుద్ధము నేర్పిన మాట. యుద్ధము ముగియగానే దాని వేగము తగ్గెను. విశ్వేశ్వరయ్యగారికి అది శాంతికాలపు మాట. యుద్ధము దానిని త్వరపెట్టెను, అంతియే.

మన కోలారు గనుల సంగతియు ఇచట చెప్పవలెను. 1902నుండి శివసముద్రపు విద్యుచ్ఛక్తి సుమారు 147 కిలోమీటర్ల దూరము తీగలపై ప్రయాణము చేసి గనులకు చేరుచుండెను. బంగారమునకు యుద్ధకాలమున ఎంతటి విలువయో వేఱుగ చెప్పనక్కఱలేదు. కావేరి ఎండినచో విద్యుత్తు తగ్గును. విద్యుత్తు తగ్గినచో గనులు కుంటుపడును. కృష్ణరాజసాగరపు ఆనకట్ట కట్టుటకు పొలముల నీటితోపాటు ఈ గనుల అవసరమును ప్రబల కారణము. ఆ ఆనకట్ట పని 1911లో మొదలై యుద్ధ సంవత్సరములలోను ఆగక సాగెను. విదేశపు సిమెంటుపై ఆధారపడక, సున్నము, ఇటుకల పొడి కలిపిన సుర్కీ గారతోనే దానిని కట్టిరి. ఓడలు తిరుగని కాలమున ఆ నిర్ణయపు విలువ బోధపడెను. ఆ గనులు 2001లో మూతపడెను. ఆనకట్ట మాత్రము నేటికిని నిలిచియున్నది.

యుద్ధము సాగుచుండగనే, 1913లో మైసూరు బ్యాంకును స్థాపించిన ఆ దివాను కాలముననే, 1916లో మైసూరు విశ్వవిద్యాలయము, 1917లో బెంగుళూరు ఇంజనీరింగు కాలేజీ నెలకొనెను. యుద్ధమున సొమ్ము లేదని చదువును ఆపుట తగదని వారి నమ్మకము.

ఇంతవఱకు మేము వెలుగును చూపితిమి. నీడను దాచుట చరిత్రకు న్యాయము కాదు. 1917, 1918 సంవత్సరములలో ధరలు పేదవాని చేతికందనంతగా పెరిగెను. ఉప్పు, కిరసనాయిలు, బట్ట ప్రియమయ్యెను. 1918లో వానలు తప్పెను. ఆ సెప్టెంబరులో చెన్నపట్టణమున ఆకలిగొన్న జనులు అంగళ్లను దోచిరి. అదే కాలమున ఇన్‌ఫ్లుయెంజా అను విషజ్వరము దేశమంతట వ్యాపించి లక్షలకొలది ప్రాణములను హరించెను. మైసూరు సంస్థానము దానికి లోనుగాక పోలేదు. ధాన్యము ఒక సీమనుండి మఱియొక సీమకు పోవుటపై ఆంక్షలుండెను. ధాన్యమును పంచు పనికి ఇండియా ప్రభుత్వము ప్రత్యేకాధికారులను నియమించినది యుద్ధము ముగియనున్న 1918 చివరి భాగముననే. తుపాకులకు, తోళ్లకు, కలపకు ముందే బోర్డు వచ్చెను. అన్నమునకు చివర వచ్చెను. ప్రభుత్వము ఏ వస్తువును ముందుగా లెక్కించునో చూచినచో, అది ఎవరిని ముందుగా తలచుకొనునో తెలియును. ఈ మాటను మన పిల్లలు పెద్దవారైన పిమ్మటయు మఱువరాదని మా కోరిక.

విశ్వేశ్వరయ్యగారి దివానుగిరియు ఆ యేడాది డిసెంబరులోనే ముగిసెను. ప్రభుత్వోద్యోగములలో వెనుకబడిన వర్గములవారికి తగిన భాగము కావలెనని సంస్థానమున బలమైన కోర్కె బయలుదేఱెను. మహారాజుగారు దానిని విచారించుటకు జస్టిస్ మిల్లరుగారి అధ్యక్షతన ఒక సంఘమును నియమించిరి. యోగ్యత యొక్కటే ప్రమాణము కావలెనని, విద్యను పెంచినచో భేదములు తమంత తగ్గునని దివానుగారి అభిప్రాయము. తరతరములుగా చదువునకు దూరమైనవారు అంతకాలము వేచియుండుట ఎట్లని ఎదిరి పక్షము ప్రశ్నించెను. ఆ ప్రశ్న న్యాయమైనదే. అభిప్రాయభేదము తీరకపోవుటచే వారు పదవిని విడిచిరి. పండితులను, శాఖలను కలిపిన మహనీయుడు ఈ ఒక్క చోట సంఘములోని వర్గములను కలుపజాలకపోయెను. గొప్పవారి జీవితమున ఇట్టి ఘట్టములనుకూడ చదువుట మనకు మేలు.

పదవి పోయినను పని పోలేదు. యుద్ధకాలమున ఇనుము దొరకక పడిన బాధలు చూచి, భద్రావతిలో ఇనుప కర్మాగారమును కట్టుటకు వారే తలపెట్టిరి. అది 1923లో పని మొదలిడునాటికి యుద్ధము ముగిసి ఇనుము ధర పడిపోయెను. సంస్థానపు సొమ్మునకు గుదిబండయని విమర్శలు వచ్చెను. అప్పుడు మహారాజుగారు మరల వారినే పిలిచిరి. 1923నుండి 1929వఱకు దాని నిర్వాహక సంఘమునకు అధ్యక్షులుగానుండి, వ్యయము తగ్గించి, దానిని నిలువబెట్టిరి. ఆ సేవకై తమకు రావలసిన ప్రతిఫలమును తాము తీసికొనక, చేతిపనులు నేర్పు విద్యాలయమునకు ఇచ్చివేసిరి. బెంగుళూరులో 1943లో వెలసిన జయచామరాజేంద్ర వృత్తి విద్యాలయము అట్లు పుట్టినదే.

1939లో రెండవ ప్రపంచ యుద్ధము వచ్చునప్పటికి వారికి దాదాపు ఎనుబదియేండ్లు. మరల పాత కథయే. ఓడలు ఆగెను, ధరలు పెరిగెను, ఢిల్లీలో సరఫరా శాఖ పెద్దదయ్యెను. 1940 డిసెంబరులో వాల్‌చంద్ హీరాచంద్ గారును మైసూరు ప్రభుత్వమును కలిసి బెంగుళూరున హిందూస్థాన్ విమాన కర్మాగారమును స్థాపించిరి. 1942లో యుద్ధావసరమునకై ఇండియా ప్రభుత్వము దానిని తన చేతిలోనికి తీసికొనెను. మైసూరు పట్టు పారాచూట్లకు కావలసివచ్చెను. పట్టుపురుగులు పెంచు మన జిల్లా రైతులకు గిరాకి కలిగెను. దేశమందలి పరిశ్రమల యజమానులను ఏకము చేయుటకై 1941లో విశ్వేశ్వరయ్యగారు అఖిల భారత తయారీదారుల సంస్థను స్థాపించిరి. కాని అన్నము విషయమున మరల ఆలస్యమే జరిగెను. ఢిల్లీలో ఆహార శాఖ 1942 డిసెంబరులో గాని ఏర్పడలేదు. మఱుసటి యేట వంగదేశమున లక్షలకొలది జనులు ఆకలిచే మరణించిరి. 1918 నేర్పిన పాఠమును పాలకులు చదువలేదని దీనివలన తేటపడుచున్నది.

1955లో భారత ప్రభుత్వము వారికి భారతరత్న బిరుదమునిచ్చెను. నూఱేండ్లు నిండిన పిదప, 1962 ఏప్రిలులో, వారు బెంగుళూరున స్వర్గస్థులైరి. వారి స్మారకము ముద్దేనహళ్లిలో కలదు. వారి జన్మదినమును దేశమంతట ఇంజనీర్ల దినముగా జరుపుకొనుచున్నారు.

ముగించుటకు ముందు తల్లిదండ్రులతో ఒక మాట. 1915లో, యుద్ధము నడుమ, బెంగుళూరున కన్నడ సాహిత్య పరిషత్తు పుట్టెను. దానిని నెలకొల్పుటకు పాటుపడినవారిలో ఇంట తెలుగు మాటాడు ఈ దివానుగారు ఒకరు. ఇంటి భాషను విడువలేదు, నాటి భాషకు సేవచేయుట మానలేదు. మన పిల్లలు తెలుగు బడిలో చదువుకొనుచుండగా, కన్నడము రాకపోవునేమో యని కొందఱు, తెలుగు మఱతురేమో యని కొందఱు దిగులుపడుచున్నారు. ఈ రెండును కలిసి నిలువగలవని చూపుటకు మన సీమలో పుట్టిన విశ్వేశ్వరయ్యగారికంటె మంచి ఉదాహరణమును మేము ఎఱుగము.

విద్యార్థులారా, యుద్ధము మంచిది కాదు. అది నేర్పిన పాఠము మాత్రము మంచిది. మన పెరటి చెట్టు విలువ మనకు తెలియుటకు దూరదేశపు ఫిరంగి మ్రోగనక్కఱలేదు. ఎవరికి వారుగా నుండక కలిసి కూర్చుండి, లెక్క వ్రాసి, పని పంచుకొని, పంచుకొన్న పనిని పూర్తిచేయుట శాంతికాలముననే అలవడవలెను. మన పాఠశాలలో తోట పని యైనను, వార్షికోత్సవ మైనను ఆ రీతిని జరుపుకొందుము గాక. ఆ జరుపుకొనునపుడు అన్నము లేనివానిని మొదట తలచుకొందుము గాక.